జిలేబి చేపకు దూరపు చుట్టం

పెద్దమండ్యం పక్క వానలు బాగా పడి చెరువు మరవ పారిందంటే ఆ వారం ఇంటింటా చేపల పులుసే. గంపలో చెయ్యి పెడితే బొచ్చె, రోహు కంటే ముందు వేలికి గుచ్చుకునేది జిలేబి చేప. వీపు మీద ముళ్లు, లోపలా ముళ్లే, అయినా ధర తక్కువ కాబట్టి గిరాకీకి లోటుండదు. పుస్తకాల్లో దీని పేరు తిలాపియా. పుట్టిల్లు ఆఫ్రికా. 1952లో మన దేశానికి తెచ్చారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ మోసుకు తిరగాల్సిన పని లేకపోయింది, చెరువు నుంచి చెరువుకు తానే పాకింది. నీళ్లు చిక్కబడి మడుగైనా బతుకుతుంది, ఉప్పు తగిలినా బతుకుతుంది, బురదలోనూ పిల్లల్ని కంటుంది.

దానికి అమెజాన్ అడవుల్లో ఒక దూరపు చుట్టం ఉంది. పళ్లెంలా గుండ్రంగా, పక్కనుంచి చూస్తే అరచెయ్యంత, ఎదురుగా చూస్తే చాకు అంచంత. ఒంటి మీద నీలి, ఎర్ర గీతలు. పేరు డిస్కస్. రెండిటిదీ సిక్లిడ్‌ల కుటుంబమే. జిలేబిని చంపడం కష్టమైతే, డిస్కస్‌ని బతికించడం కష్టమని పేరు పడింది. అక్వేరియం దుకాణంలో గోల్డ్ ఫిష్, గప్పీ, ఫైటర్ అడిగినవాళ్లకు సంచిలో కట్టి ఇచ్చేస్తారు. డిస్కస్ అడిగితే మాత్రం దుకాణదారు ముందు ఒక ప్రశ్న వేస్తాడు: "మీ ఇంట్లో ఏం నీళ్లు?"

ప్రశ్న సరైనదే. ఈ చేప చరిత్ర తిరగేసినా, పెద్దమండ్యం ఉన్న మదనపల్లె డివిజను చరిత్ర తిరగేసినా కథ చివరికి నీళ్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఇక్కడి ఊళ్ల పేర్లే చూడండి. ములకలచెరువు, పెద్దతిప్పసముద్రం. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు, ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అయినా కట్ట వేసి ఆపిన నీటిని సముద్రం అన్నారంటే ఆ నీటికి ఇచ్చిన విలువ తెలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1526లో వ్యాసతీర్థులకు బెట్టకొండ గ్రామాన్ని దానమిచ్చారు. ఆ స్వామి తవ్వించిన చెరువుకు వ్యాససముద్రమనే పేరు నిలిచింది. కొండల మధ్య వాలు చూసి కట్ట, కట్టకు తూము, పొంగితే మరవ, ఒక చెరువు మరవ నీళ్లు కింది చెరువుకు. రాయలసీమ పశ్చిమ భాగమంతా ఇలా గొలుసుగా అల్లుకున్న చెరువులే. వాటిలో నిలిచేది వాన నీరు. రాళ్ల లోపల ఏళ్ల తరబడి ఊరని నీరు. అంటే మెత్తని నీరు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే డిస్కస్ సంగతి సగం తెలిసినట్టే.

చేప కథ మొదలయ్యేది ఒక పెళ్లితో. 1817లో ఆస్ట్రియా యువరాణి లియోపోల్డీనాకు పోర్చుగల్ రాజకుమారుడు డోమ్ పెడ్రోతో పెళ్లి కుదిరింది. అప్పటికి ఆ రాజకుటుంబం బ్రెజిల్‌లో ఉంది. పెళ్లికూతురుతో పాటు ఒక శాస్త్రవేత్తల బృందాన్నీ ఓడ ఎక్కించారు. అందులో యోహాన్ నాటరర్ అనే వేటగాడు, పక్షుల పిచ్చివాడు ఉన్నాడు. మిగతావాళ్లు కొన్నేళ్లకు ఇంటిముఖం పట్టారు. నాటరర్ మాత్రం దాదాపు 18 ఏళ్లు అక్కడే తిరిగాడు. పన్నెండు వేలకు పైగా పక్షులు, వేల కొద్దీ పురుగులు, గిరిజనుల పనిముట్లు, సారాయిలో ఊరేసిన చేపలు పెట్టెల కొద్దీ వియన్నాకు పంపాడు. మనకు సినిమాల్లో భయపెట్టే ఎర్రపొట్ట పిరానా శాస్త్రీయ నామంలో ఈయన పేరే ఉంది. పాపం, ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు చాలావరకు 1848 తిరుగుబాటులో వియన్నా రాజభవనానికి నిప్పంటుకున్నప్పుడు కాలిపోయాయి. సీసాలు మిగిలాయి.

ఆ సీసాల్లో రియో నీగ్రో నది నుంచి వచ్చిన ఒక గుండ్రని చేప ఉంది. వియన్నా మ్యూజియంలో పనిచేసే యోహాన్ యాకోబ్ హెకెల్ 1840లో దానికి సింఫైసోడాన్ డిస్కస్ అని పేరు పెట్టాడు. విసిరే చక్రం ఆకారం కాబట్టి డిస్కస్. 1904లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ పెలెగ్రాఁ మరో రకాన్ని వర్ణించాడు. నీలి, గోధుమ, ఆకుపచ్చ రంగుల డిస్కస్‌లలో ఏది జాతి, ఏది ఉపజాతి అన్న తగువు ఆ తర్వాత వందేళ్లు నడిచింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. ఇంట్లో పెంచేవాడికి ఆ తగువుతో పని లేదు. వాడికి కావలసింది ఆ నది సంగతి.

రియో నీగ్రో అంటే నల్లనది. ఒడ్డున నిలబడి చూస్తే నలుపు, గ్లాసులో పట్టుకుంటే పాలు పొయ్యని టీ డికాషన్ రంగు. కుళ్లిన ఆకుల కషాయం దిగి ఆ రంగు వస్తుంది. కరిగిన లవణాలు ఎంత తక్కువంటే, దాదాపు బట్టీ పట్టిన నీటితో సమానం. పీహెచ్ నాలుగు, అయిదు మధ్య, అంటే పలచని పులుపు. వేడి ఎప్పుడూ 28 డిగ్రీల అటూఇటూ. వరదకాలంలో నది అడవిలోకి నెలల తరబడి పాకుతుంది, డిస్కస్‌లు మునిగిన చెట్ల వేళ్ల మధ్య గుంపులుగా నిలబడతాయి. ఆ సన్నటి ఒళ్లు అందుకే. కొమ్మల సందుల్లోంచి దూరడానికి.

ఆ నది ఒడ్డునే బార్సెలోస్ అనే చిన్న పట్నం ఉంది. అలంకార చేపల వేటే దాని బతుకుతెరువు. 1994 నుంచి అక్కడ ఏటా చేపల పండుగ జరుగుతోంది. ఊరు రెండు జట్లుగా చీలిపోతుంది. ఒక జట్టు కార్డినల్ టెట్రా చేపది, రెండోది డిస్కస్‌ది. వేషాలు, పాటలు, శకటాలు, పంతాలు. కుప్పం గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఆ సందడిని విడమరచి చెప్పక్కర్లేదు.

ఐరోపా, అమెరికా ఇళ్లలోకి డిస్కస్ 1930లలో చేరింది. పాంపడూర్ చేప అని ముద్దుపేరు పెట్టుకున్నారు, ఫ్రాన్సు రాజు ప్రియురాలి పేరు మీద. పెట్టిన పేరు ఘనమే గానీ చేపలు మాత్రం వరసగా చచ్చాయి. రేకు డబ్బాల్లో, ఓడల్లో, వారాల ప్రయాణం. దిగేటప్పటికే ఒంట్లో పురుగులు. దింపాక కొళాయి సున్నపు నీళ్లు. తట్టుకుని బతికిన జంటలు గుడ్లు పెడితే ఇంకో విపత్తు వచ్చిపడింది.

అప్పటికి ఏంజెల్ ఫిష్‌ని పెంచడం అందరికీ వచ్చింది. తల్లిదండ్రులు గుడ్లు తినేస్తాయన్న భయంతో గుడ్లు అంటిన పలకను తీసి వేరే తొట్టిలో పెట్టి పొదిగించేవారు. అదే పద్ధతి డిస్కస్‌కీ వాడారు. పిల్లలు బయటికొచ్చాయి, ఈదాయి, నాలుగైదు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఏం వేసినా ముట్టుకోలేదు. పెద్ద చేపల్ని అక్కడే ఉంచిన కొందరికి మాత్రం ఒక వింత కనిపించింది. పిల్లలు తల్లి ఒంటికి, తండ్రి ఒంటికి ఈగల్లా అతుక్కుని ఏదో గీకి తింటున్నాయి. తల్లి అలసిపోతే ఒక్క ఒంపు ఒళ్లు విదిలిస్తుంది, పిల్లల గుంపు మొత్తం తండ్రి మీదికి మారుతుంది.

1959లో హిల్డెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని పరిశోధన పత్రంగా రాశాడు. పిల్లలు తినేది పెద్దల చర్మం ఊరించే జిగురు. 2010లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ జిగురును పరీక్షిస్తే, గుడ్లు పెట్టే వేళకు అందులో మాంసకృత్తులు పెరుగుతాయని, రోగాల్ని అడ్డుకునే పదార్థాలూ ఉంటాయని తేలింది. మొదటి రెండు వారాలు పిల్లలకు అదే ముఖ్యాహారం. మూడో వారం వచ్చేసరికి పెద్ద చేపలు పిల్లల్ని తప్పించుకుని పక్కకు వెళ్లడం మొదలుపెడతాయి. పాలు మాన్పించే తల్లికీ వీటికీ పెద్ద తేడా లేదు. అందుకే కాబోలు డిస్కస్ పాలు అనే మాట ఆ రంగంలో స్థిరపడింది.

ఈ వింత పూర్తిగా అమెజాన్ సొత్తు కూడా కాదు. సిక్లిడ్‌లలో మన దేశానికి సొంతమైనవి మూడే. అందులో ఒకటి కోస్తా ఉప్పుకయ్యల్లో దొరికే దువ్వెన చేప. దాని తమ్ముడులాంటిది, పసుపు నారింజ రంగులో మెరిసే చిన్న చేప. తరంగంబాడి నుంచి వెళ్లిన నమూనాలతో జర్మన్ శాస్త్రవేత్త బ్లాఖ్ 1795లో దాన్ని వర్ణించాడు. ఈ చిన్న చేప పిల్లలూ తల్లిదండ్రుల ఒంటి జిగురును కొరుక్కు తింటాయి. డిస్కస్ పిల్లల్లా దాని మీదే ఆధారపడవు గానీ అలవాటు మాత్రం ఉంది. మన కాలవల్లో ఉన్న చేప చేస్తున్న పని ఎక్కువమందికి తెలియదు. వేల మైళ్ల అవతలి చేప చేస్తే డిస్కస్ పాలు అని పేరే పెట్టారు.

అమెరికాలో జాక్ వాట్లీ, జర్మనీలో ఎడ్వర్డ్ ష్మిట్ ఫోకె 1960ల తర్వాత ఈ చేప జాతకాన్ని మార్చారు. ష్మిట్ ఫోకె వృత్తికి స్త్రీల వైద్యుడు. పురుళ్లు పోసే చేతులే డిస్కస్ తొట్ల దగ్గర ఓపిక పట్టాయి. వాట్లీ కోడిగుడ్డు పచ్చసొన పొడిని ముద్దచేసి పాత్ర అంచుకు పూసి, జిగురుకు బదులుగా పిల్లలకు అలవాటు చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటి నుంచి రంగులు పండటం మొదలైంది. అడవిలో చారలుగా ఉన్న నీలం ఒళ్లంతా పరుచుకుని టర్కాయిస్ అయింది. తర్వాతి పందెం ఆసియాది. 1990ల తొలి ఏళ్లలో థాయిలాండ్ నుంచి పిజన్ బ్లడ్ అనే ఎర్ర రకం వచ్చి సంతలన్నిటినీ తిరగేసింది. మలేసియాలోని పెనాంగ్ దీవి డిస్కస్ పెంపకానికి పెట్టింది పేరయింది.

పెనాంగ్ దగ్గర కాస్త ఆగాలి. ఆ దీవి నల్లరాతి గుట్ట, గ్రానైటు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడా అంతే. హార్సిలీ కొండ నుంచి కంగుంది కొండ దాకా గ్రానైటు, దాని అన్నదమ్ములైన రాళ్లే. రాయి ఒక్కటే. పెనాంగ్‌లో డిస్కస్ పిల్లలు సంచుల కొద్దీ ఎగుమతి అవుతుంటే ఇక్కడ ఒక్క జంటను నిలపడానికి ఆపసోపాలెందుకు? తేడా వానలో ఉంది. పెనాంగ్‌లో ఏడాదికి మనకు పడేదానికి మూడు రెట్లకు పైగా కురుస్తుంది. కురిసిన నీరు రాతి మీదుగా జారి వెంటనే వాగుల్లోకి, కొళాయిల్లోకి వస్తుంది. గ్రానైటు చప్పున కరిగే రాయి కాదు కాబట్టి ఆ నీరు మెత్తగానే ఉంటుంది. ఇక్కడ కొద్దిపాటి వాన, ఎక్కువ ఎండ. లోపలికి దిగిన నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి ఊరి, సున్నాన్నీ ఫ్లోరైడునూ నెమ్మదిగా తనలోకి లాగేసుకుంటుంది. పైకి తేవాలంటే బోరు వెయ్యాలి. ఒకప్పుడు నలభై, యాభై అడుగుల బావి సరిపోయిన చోట ఇప్పుడు వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచిన కథలు ఈ మండలాల్లో ప్రతి రైతు ఇంట్లోనూ వినిపిస్తాయి.

ఆ బోరు నీళ్ల గుణం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కందిపప్పు పొయ్యి మీద పెడితే చాలు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. నీటిలోని కాల్షియం పప్పుగింజ గోడల్ని బిగదీస్తుంది కాబట్టి మెత్తబడదు. డిస్కస్ గుడ్డుకూ దాదాపు అదే గతి పడుతుందని పెంపకందారులు చెబుతారు. గుడ్డు పైపొర బిరుసెక్కి లోపలి జీవం పెరగదు, మూడో రోజుకు గుడ్లు తెల్లబడి బూజు పడతాయి. పప్పు ఉడకని నీళ్లలో డిస్కస్ పిల్లలు పుట్టవు. ఇంతకంటే సులువైన కొలత ఇంకొకటి లేదు.

ఇందులో ఒక వెటకారం ఉంది. నాటరర్ రియో నీగ్రోలో పడవ నడిపిన రోజుల్లో మదనపల్లె ప్రాంతం తాగింది ఎక్కువగా చెరువు నీరు, ఊటబావి నీరు. ఆనాడు ఎవరైనా ఒక డిస్కస్ జంటను తెచ్చి ఇక్కడ పెట్టి ఉంటే, నేటి బోరు నీళ్లకంటే ఆ నీళ్లలోనే వాటికి సుఖంగా ఉండేది. కరెంటు లేదు, హీటరు లేదు, గాజు తొట్టి లేదు, కానీ సరైన నీళ్లున్నాయి. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప.

గాజు తొట్టి మాట వచ్చింది కాబట్టి అది ఈ దారిన ఎప్పుడొచ్చిందో చెప్పుకోవాలి. చేపల్ని వినోదంగా చూడటం మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ దొరుకుతుంది, దేనికి ఏ ఎర, ఏ మేత అన్నది రాజుగారు శ్రద్ధగా రాసిపెట్టారు. కానీ అది గాలం వినోదం. చేపను గదిలో పెట్టుకుని చూసే సరదా 1850లలో లండన్‌లో మొదలైంది. 1853లో అక్కడి జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. అరవై ఏళ్లు తిరక్కుండానే ఆ సరదా మద్రాసుకు చేరింది. మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్ ఆలోచనతో మెరీనా ఒడ్డున సముద్ర చేపల అక్వేరియం కట్టి 1909లో జనానికి తెరిచారు. ఆసియాలోనే మొదటిదని చెప్పుకుంటారు. మరో రెండేళ్లకు, 1911 ఏప్రిల్ 1న, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు, ఉత్తర ఆర్కాటు నుంచి పుంగనూరు కలిపి చిత్తూరు జిల్లా ఏర్పడింది. రాజధాని మద్రాసే. 1864లోనే బెంగుళూరు దాకా వేసిన రైలుదారి కుప్పం మీదుగా పోతుంది. కాబట్టి కోర్టు పనికో పెళ్లి బట్టలకో పట్నం వెళ్లిన ఈ సీమ మనుషులకు గాజు వెనక చేపను చూసే వీలు అప్పటికే కలిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయానికి 1942లో ఆ అక్వేరియం మూసేశారు.

పల్లెల్లోకి రంగు చేప వచ్చిన దారి మాత్రం వేరు. అది సరదాగా రాలేదు, మందుగా వచ్చింది. 1910 నాటికే గప్పీని, 1928లో ఇటలీ నుంచి గంబూసియాను దోమ పిల్లల్ని తినడానికి తెప్పించారు. మలేరియా శాఖ వాళ్లు బావుల్లో, కుంటల్లో వదిలారు. ఈనాటికీ దోమలు పెరిగిన ప్రతి వానాకాలం పత్రికల్లో గంబూసియా చేపలు వదిలారన్న వార్త వస్తూనే ఉంటుంది. సీసాలో నాలుగు గప్పీలు పట్టుకొచ్చి కిటికీలో పెట్టుకున్న పిల్లలే ఈ సీమ తొలి అక్వేరియం యజమానులనుకుంటే తప్పు లేదు.

తర్వాత వచ్చింది ప్లాస్టిక్ సంచి. 1950ల నుంచి రేకు డబ్బాల స్థానంలో పలచని పాలిథిన్ సంచీ, అందులో ఒక వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. వ్యాపారం దీంతోనే మారిపోయింది. సింగపూర్, బ్యాంకాక్ చేపలు విమానంలో మద్రాసుకు దిగాయి. చెన్నై ఉత్తరాన కొళత్తూరు ఊరంతా తొట్లే అయింది. ఇంటి పెరట్లో, మేడ మీద, సిమెంటు తొట్లలో చేపల్ని పెంచి అమ్మే కుటుంబాలతో దక్షిణాదికంతటికీ అది టోకు అంగడి. బెంగుళూరులో కబ్బన్ పార్కు ప్రభుత్వ అక్వేరియం 1983లో వచ్చింది. రస్సెల్ మార్కెట్ చుట్టుపక్కల చేపల దుకాణాలు పెరిగాయి. మదనపల్లె నుంచి బెంగుళూరుకు సుమారు 120 కిలోమీటర్లు. తెల్లవారి టమోటా లారీ పోయే దారినే సాయంత్రానికి చేపల సంచి తిరిగి రావచ్చు.

అలా వచ్చిన డిస్కస్‌కి ఇక్కడ ఎదురయ్యే మొదటి కష్టం చలి. నవ్వొచ్చే మాటే గానీ నిజం. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి క్షయ ఆసుపత్రి తెరిచాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మ్యోలర్ ఏళ్ల తరబడి దాన్ని నడిపాడు. ఆ చోటు ఎంచుకోవడానికి కారణం గాలి. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన, పొడిగా, చల్లగా ఉండే గాలి. వాతావరణ శాఖ పట్టికల్లో ఇప్పటికీ ఆరోగ్యవరం అన్న పేరుతోనే ఇక్కడి ఉష్ణోగ్రత రాస్తారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అది 15 డిగ్రీల దగ్గరికి, కొన్నిసార్లు ఇంకా కిందికి దిగుతుంది. క్షయ రోగికి హాయి, డిస్కస్‌కి గండం. దానికి రాత్రీ పగలూ 28 నుంచి 30 డిగ్రీలుండాలి. చెన్నైలో పెంచేవాడికి ఏడాదిలో చాలా నెలలు హీటరు ఊసే ఉండదు. మదనపల్లెలో లీటరుకు ఒక వాటు లెక్కన హీటరు పెట్టుకోక తప్పదు. కరెంటు పోయే రాత్రుల కోసం బ్యాటరీ ఎయిర్ పంపు, తొట్టి మీద కప్పడానికి ఒక పాత దుప్పటి కూడా.

రెండో కష్టం నీళ్లది. దానికి పరిష్కారం చేపల కోసం కాకుండా మనుషుల కోసం వచ్చింది. ఫ్లోరైడు భయంతో ఊరూరా ఆర్వో ప్లాంట్లు వెలిశాయి. పెద్దమండ్యం లాంటి మండల కేంద్రంలోనూ ఇరవై లీటర్ల క్యాన్ సైకిల్ మీద, ఆటోలో ఇంటికి వస్తుంది. ఆ నీళ్లలో లవణాలు తక్కువ. బోరు నీళ్లు సగం, క్యాన్ నీళ్లు సగం కలిపితే డిస్కస్ సర్దుకునే నీళ్లవుతాయి. ఉత్త ఆర్వో నీళ్లు పోస్తే పీహెచ్ నిలకడ తప్పుతుంది కాబట్టి కలపడమే మంచిది. మేడ మీద వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకోగలిగితే ఇంకా చవక, మొదటి వాన దుమ్ము మాత్రం వదిలెయ్యాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. అందుకని తొట్టిలో పోసే ముందు ఒక రోజు డ్రమ్ములో గాలి కొట్టించాలి. మున్సిపాలిటీ కొళాయి నీళ్లయినా ఒక రోజు ఆరుబయట నిలవ ఉంచాల్సిందే, క్లోరిన్ పోవడానికి.

బడి ఆవరణల్లో రాలిపడే బాదం ఆకుల్ని ఊడ్చి తగలబెట్టే ముందు నాలుగు దాచుకోవచ్చు. ఎండిన బాదం ఆకు నీటికి టీ రంగు ఇస్తుంది, పలచని పులుపు ఇస్తుంది. థాయిలాండ్‌లో ఫైటర్ చేపలు పెంచేవాళ్లు తరతరాలుగా వాడుతున్నారు. విదేశాల్లో అవే ఆకులు ప్యాకెట్లలో కట్టి అమ్ముతారు. అయితే సున్నం ఎక్కువున్న నీళ్లను బాదం ఆకులు మెత్తబరచలేవు, రంగు మాత్రమే మారుస్తాయి. రంగు చూసి మోసపోయినవాళ్లు తక్కువేం కాదు.

ఇంతకీ డిస్కస్ పెంచడం కష్టమా, కాదా? పేరు పడిన కాలానికి అది కష్టమే. అడవి నుంచి పట్టి తెచ్చిన చేప, పురుగులతో, భయంతో, తనది కాని నీళ్లలో. 1980లలో ప్రపంచమంతా తొట్లను తుడిచిపెట్టిన డిస్కస్ రోగం ఆ భయాన్ని ఇంకా గట్టిపరచింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం తొట్లలోనే పదుల తరాలు పుట్టినవి. వీటికి పీహెచ్ ఏడు దాటినా ప్రాణం పోదు, కొంచెం ఉప్పు తగిలినా సర్దుకుంటాయి. పెంచడం, పిల్లల్ని తీయడం వేరు వేరు పనులు. మొదటిది శ్రమ, రెండోది నైపుణ్యం. ఈ రెండిటినీ కలగలిపి కష్టమనడం వల్లే డిస్కస్‌కి ఉన్నదానికంటే ఎక్కువ బెదురు అంటుకుంది.

అసలు చిక్కు మేతలో, మురికిలో ఉంది. డిస్కస్ నోరు చిన్నది, తినడం నిదానం. పెరిగే వయసులో రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. విదేశాల్లో పశువుల గుండె మాంసం నూరి పెడతారు, మన దగ్గర రొయ్యలు, కోడి గుండె నూరి గడ్డకట్టించి పెట్టేవాళ్లున్నారు. తినగా మిగిలింది వేడినీళ్లలో గంటల్లో కుళ్లుతుంది. అందులోంచి పుట్టే అమ్మోనియా వేడికి, పీహెచ్ ఎక్కువైన కొద్దీ విషం అవుతుంది. వేడినీళ్లలో ప్రాణవాయువు ఎలాగూ తక్కువే. గోల్డ్ ఫిష్ ఆ బురదలో తలకిందులై కొన్నాళ్లు ఈదుతుంది. డిస్కస్ మాత్రం ఒళ్లు నల్లబరచుకుని మూలకు చేరి, మేత మానేస్తుంది. అది అలగడం కాదు, ఫిర్యాదు. నీళ్లు మార్చమని.

ఒక్కటే చేపను తెచ్చి అందంగా పెడదామనుకోవడం ఇంకో పొరపాటు. గుంపులో పెరిగిన చేప ఒంటరిగా బెదిరిపోతుంది. రెండు ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని తిననివ్వదు. అయిదారు ఉంటే పెత్తనం పంచుకుపోతుంది. గోళీల సైజు పిల్లల్ని చవకగా కొనడం కంటే మూడు నాలుగు అంగుళాలు పెరిగినవాటిని కొనడం లాభం. వచ్చిన చేపల్ని పాతవాటితో వెంటనే కలపకుండా కొన్ని వారాలు వేరుగా ఉంచాలి.

అమెజాన్ నుంచి వచ్చినవన్నీ ఇంత గారాబంగా లేవన్నది కూడా చెప్పుకోవాలి. 2000ల తొలి ఏళ్లలో బంగ్లాదేశ్ మీదుగా వచ్చిన రూప్‌చంద్, పిరానాకు దాయాది, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో టన్నుల కొద్దీ పెరిగి బజారుకెక్కింది. తొట్టి అద్దం నాకుతుందని తెచ్చుకున్న సక్కర్ చేపను విసుగొచ్చి కాలవలో వదిలేస్తే, అదే పెరిగి డెవిల్ ఫిష్ అయి కోస్తా రైతుల వలలు చింపుతోంది. డిస్కస్‌కి ఆ శక్తి లేదు. పెద్దమండ్యం చెరువులో వదిలినా జిలేబి దాన్ని ఒక చలికాలం దాటనివ్వదు. అయినా ఏ తొట్టి చేపనూ చెరువులో వదలకూడదు.

ఇటువైపు నుంచి ప్రపంచానికి వెళ్లిన పెంపుడు జీవం కూడా ఒకటుంది, పుంగనూరు ఆవు. మూడడుగుల ఆ పొట్టి ఆవు కరువు మేత తిని పాలిచ్చే గుణంతో బతికింది. ఇప్పుడు నగరాల్లో ఇంటి ముంగిట ముద్దుగా కట్టేసుకునే ఆవుగా మారింది. కొద్దిపాటి నీళ్లకు అలవాటు పడ్డ జీవం ఇక్కడి నుంచి బయటకు, నీళ్లే సర్వస్వమైన జీవం బయట నుంచి ఇక్కడికి. సంతలో రెండూ ఎదురెదురుగా పోతున్నాయి.

వ్యాపారంగా చూసేవాళ్లకు ఒక దారి ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంటి పెరట్లో అలంకార చేపల యూనిట్‌కు మూడు లక్షల రూపాయల వ్యయం లెక్కగట్టారు. అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం రాయితీ. ఆ డబ్బుతో డిస్కస్ మొదలుపెడితే మాత్రం ఈ నేల మీద దెబ్బతినే అవకాశమే ఎక్కువ. గప్పీ, మోలీ లాంటివి గట్టి నీళ్లనే ఇష్టపడతాయి. బోరు నీళ్లు వాటికి శాపం కాదు, వరం. వాటితో చెయ్యి తిరిగాక డిస్కస్ వైపు చూడటం తెలివైన పని.

నీళ్ల కథ కూడా ఆగిపోలేదు. శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిన కృష్ణా నీరు హంద్రీ నీవా కాలువల మీదుగా పుంగనూరు, కుప్పం ఉపకాలువల్లోకి వచ్చింది. 2025 ఆగస్టులో కుప్పం దగ్గర పరమసముద్రం చెరువులో ఆ నీటికి హారతి పట్టారు. మళ్లీ ఒక సముద్రం పేరున్న చెరువే. చెరువులు నిండి బావుల్లో ఊట తిరిగితే ముందు పప్పు ఉడుకుతుంది, చేపల సంగతి తర్వాత.

అందాకా లెక్క ఇదీ. అయిదారు డిస్కస్‌లకు 240 లీటర్ల తొట్టి. వారానికి రెండుసార్లు మూడో వంతు నీళ్లు మార్చాలి, అంటే 160 లీటర్లు. అందులో సగం బోరు, సగం ఆర్వో. వారానికి నాలుగు క్యాన్లు.